నిద్ర లేవని పిల్లవాడు – నా అభిప్రాయం

ప్రియమైన స్నేహితులారా, వార్డెన్ మేడం గారూ!

సెలవుల్లో మా మేనత్త ఇంటి దగ్గర ‘ఇన్సీడియస్’ అనే ఇంగ్లీషు దయ్యం సినిమా చూశాను. 2010లో జేమ్స్ వాన్ తీశాడు. ఖర్చు 15 లక్షల డాలర్లేనంట, వచ్చింది మాత్రం సుమారు 10 కోట్ల డాలర్లు. పెద్ద హంగులేమీ లేవు. ఇల్లు, తలుపు చప్పుడు, చీకటి, అంతే. అయినా రెండు రాత్రులు నేను బయటికి పోలేదు.

అందులో డాల్టన్ అనే పిల్లవాడు పడుకుని ఇక లేవడు. వాడి ఆత్మ ఒళ్ళు వదిలి తిరుగుతూ చాలా దూరం పోయిందని చెబుతారు. మా అవ్వ కూడా నిద్రలో జీవం తిరిగొస్తదంటది. అందుకే కథ నాకు నచ్చింది. వచ్చి మీ అందరికీ చెప్పాను.

కానీ మొన్న రాత్రి మన రూములో ఒక పాప జ్వరంతో పిలిచినా పలకలేదు. "దాని ఆత్మ పోయింది" అని అందరం దూరం జరిగాం. తెల్లారేదాకా ఎవ్వరం మేడం గారికి చెప్పలేదు. కథ చెప్పిన నాదే ఎక్కువ తప్పు. ఆసుపత్రిలో రక్తం చూస్తే మలేరియా. అది మెదడుకెక్కితే స్పృహ పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. పాప ఇప్పుడు బాగుంది.

సినిమాలో కూడా అమ్మానాన్న ముందు తీసుకుపోయింది ఆసుపత్రికే! ఆ ముక్క మనం మరిచిపోయాం. సినిమా చూసి భయపడదాం, తప్పులేదు. కానీ ఎవరైనా లేవకపోతే అర్ధరాత్రయినా మేడం గారిని లేపుదాం. మేడం గారూ, తలుపు కొడితే కోప్పడవద్దని మనవి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని