ముద్ద మందారం – రేక మందారం

పెరట్లో రెండు రకాల మందారాలు ఉంటే, చూడవచ్చినవారి కన్ను ముందుగా ముద్ద మందారం మీదనే పడుతుంది. రేకులు ఎన్ని ఎక్కువ ఉంటే పువ్వు అంత అందమైనదని చాలామంది అభిప్రాయం. అంగడిలోనూ ముద్దబంతికే గిరాకీ. ఈ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి ఉంది.

పువ్వు పుట్టింది జడ కోసమో పూజ కోసమో కాదు, విత్తనం కోసం. రేక మందారాన్ని విడదీసి చూస్తే ఆ ఏర్పాటు తెలుస్తుంది. ఐదు రేకుల నడుమ నుండి పొడవైన గొట్టం ఒకటి బయటికి వస్తుంది. దాని చుట్టూ పసుపుపచ్చని పుప్పొడి తిత్తులున్న కేసరాలు, కొనలో ఐదు చిన్న కీలాగ్రాలు ఉంటాయి. అడుగున తేనె ఉంటుంది. దానికోసం తేనెపిట్టలు, సీతాకోకచిలుకలు వస్తాయి. ముద్ద మందారంలో ఆ కేసరాలలో చాలా భాగం రేకులుగా మారిపోయాయి. కంటికి నిండుగా కనిపించే ఆ రేకులు పుప్పొడిని వదులుకొని తెచ్చుకున్నవన్నమాట! కేసరం రేకుగా మారగలదని జర్మన్ మహాకవి గోథే 1790లోనే మొక్కల గురించిన తన గ్రంథంలో వివరించాడు. అటువంటి మార్పు ప్రకృతిలో ఎప్పుడో ఒకప్పుడు తానుగా వస్తుంది. దానిని ఏరి, కొమ్మలు నాటి, అంట్లు కట్టి తోటతోటకూ చేర్చినవాడు మాత్రం మనిషి.

గులాబీల సంగతీ అంతే. అడవి గులాబీలకు సాధారణంగా ఐదు రేకులే. హోసూరు ప్రాంతపు తోటల నుండి దూరదేశాలకు వెళ్లే గులాబీలకు పదుల కొద్దీ రేకులు. కాడ పొడవును, వాడిపోకుండా నిలిచే రోజులను చూసి ఎంపిక చేస్తూ పోవడం వల్ల అంగడి గులాబీలలో అనేక రకాలకు పరిమళం తగ్గింది.

బంతి కథ వేరు. ఒక పువ్వు అనుకొనేది నిజానికి ఎన్నో చిన్న పూల గుత్తి. పిల్లలు రేకు అని గిల్లేది కూడా ఒక పువ్వే. రేక బంతి నడుమ సన్నని గొట్టాల వంటి పూలుంటాయి. తేనెటీగ వాలేది అక్కడే. ముద్దబంతిలో ఆ చోటును కూడా రేకుల పూలే ఆక్రమిస్తాయి. తేనెటీగకు దారి కష్టమవుతుంది.

అలాగని పూలు పండించే రైతును తప్పుపట్టే పని లేదు. ఆయనకు కూడు పెట్టేవి ముద్ద పూలే. దండకు నిండుదనం కావాలి. కాని బడితోట అంగడి కాదు. ఊళ్లు పెరిగి, చేలగట్లు, పొదలు తగ్గిన చోట తేనెటీగలకు పెరళ్లు, బడితోటలే పెద్ద ఆసరా. బెంగళూరు లాల్‌బాగ్‌లో ఏటా జనవరిలో, ఆగస్టులో జరిగే పూల ప్రదర్శనను చూసి వచ్చినవారికి పెద్దపెద్ద పూల మీదనే మనసు పోవడం సహజం. వాటిని పెంచవచ్చు. వాటి పక్కనే ఒక వరుస రేక బంతి, రెండు తులసి మొక్కలు వేయడానికి ఖర్చేమీ లేదు. రేక బంతి గింజలను ఎండబెట్టి మరుసటి ఏటికి దాచుకోవచ్చు కూడా.

రెండు బంతులూ పూసిన తరువాత, ఎండ ఎక్కువ కాకముందే పావుగంట సేపు వాటి దగ్గర నిలబడి, ఏ పువ్వు మీద ఎన్ని తేనెటీగలు వాలాయో విద్యార్థులు లెక్కపెట్టి చూడవచ్చు.