‘యథార్థగాథ’ యను ముద్ర

ఇంగ్లండు దక్షిణభాగమున నొక చిన్న పల్లెలో, ఒక ప్రక్క రొట్టెలు, మఱియొక ప్రక్క తపాలాబిళ్లలు అమ్ము అంగడి. లెక్క సరిచూచుకొనగా రెండువేల పౌండ్లు తక్కువగా కంప్యూటరు చూపినది. అంగడి నడుపు స్త్రీ గాభరాపడి సహాయకేంద్రమునకు ఫోను చేసి, అవతలివారు చెప్పిన మీటలనే వరుసగా నొక్కినది. ఆమె చూచుచుండగనే ఆ రెండువేలు నాలుగువేలైనవి. 2024 జనవరి 1వ తేదీ మొదలు వరుసగా నాలుగు రాత్రులు బ్రిటనులోని ఐటీవీ ప్రసారము చేసిన ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్టాఫీస్’ అను నాటకమున ఈ దృశ్యమును చూచినవారికి, హొరైజన్ అను కంప్యూటరు వ్యవస్థ చేసిన ద్రోహమెట్టిదో వేఱుగా వివరింపవలసిన పని లేకపోయినది. ఆ దృశ్యము రచయిత్రి కల్పన కాదు. ఆ స్త్రీకి నిజముగా జరిగినదే.

ఫుజిట్సు సంస్థ నడపిన ఆ వ్యవస్థ 1999 నుండి లేని లోటులను ఉన్నట్లు చూపుచుండగా, బ్రిటిష్ తపాలా సంస్థ తన సబ్ పోస్టుమాస్టర్లనే దొంగలుగా నెంచి, యంత్రము తప్పు చేయదను ధీమాతో, చాలమందిపై తానే అభియోగములు మోపి కోర్టులకీడ్చినది. 900 మందికి పైగా దోషులుగా నిర్ణయింపబడిరి. బాధితులలో మన ఉపఖండము నుండి వలసపోయిన కుటుంబములవారును అనేకులు. కొందఱు చెఱసాలకు బోయిరి, కొందఱు ఇండ్లమ్ముకొనిరి. కనీసము 13 మంది ఆత్మహత్యలకు ఈ వ్యవహారముతో సంబంధముండవచ్చునని సర్ విన్ విలియమ్స్ నడపిన విచారణ 2025లో వెల్లడించినది.

ఈ సంగతి లోకమునకు తెలియకపోలేదు. 2009లోనే ‘కంప్యూటర్ వీక్లీ’ పత్రిక వ్రాసినది. 2015లో బీబీసీ వారి ‘పనోరమ’ డాక్యుమెంటరీ చూపినది. 2019లో హైకోర్టు న్యాయమూర్తి హొరైజన్ లోపములను సుదీర్ఘమైన తీర్పులో ఎండగట్టెను. అంతయు చెవిటివాని ముందు శంఖమూదినట్లైనది. నాటకము మొదలైన పదవనాటికి మాత్రము ప్రధానమంత్రి పార్లమెంటులో లేచి, ఒక్క చట్టముతో ఆ శిక్షలన్నిటిని రద్దు చేయుదుమని వాగ్దానము చేసెను. మే 24న ఆ చట్టము వచ్చినది. తపాలా సంస్థ మాజీ అధినేత్రి తన రాజబిరుదును తిరిగి ఇచ్చివేయుదునని ప్రకటించినది.

దీనినిబట్టి డాక్యుమెంటరీల కాలము చెల్లినదనియు, ఇక సత్యమును జనహృదయమునకు జేర్చగలిగినది నాటకమేయనియు తేల్చివేయువారు కలరు. ఇది తొందరపాటు. పదునైదేండ్లపాటు విలేఖరులు, డాక్యుమెంటరీకర్తలు, న్యాయవాదులు ఒక్కొక్క కాగితమే కూడబెట్టియుండనిచో, ఆ నాటకమునకు నిలువ నేల యెక్కడిది? నాటకము వారి కష్టమునకు వారసురాలు. వారసత్వమున సొత్తుతోబాటు అప్పును వచ్చును. తెఱమీద ‘ఇది యథార్థగాథ’ యని వ్రాసికొనుట అట్టి అప్పుపత్రముపై సంతకము చేయుట వంటిదని మా అభిప్రాయము.

కల్పన కూడదని మే మనుట లేదు. బేట్స్ నాటకములోనే, లెక్కలను తవ్వి చూచిన సెకండ్ సైట్ సంస్థ పరిశోధకులకు బదులుగా ఒక కల్పిత పాత్ర కలదు. దానివలన జరిగిన కథ మాఱలేదు, ఎవ్వరి శీలమునకును మచ్చ రాలేదు. 1965లో పీటర్ వాట్కిన్స్ తీసిన ‘ది వార్ గేమ్’ మొత్తము ఊహయే. కెంట్ ప్రాంతముపై అణుబాంబు పడిన పిమ్మట నేమగునో చూపిన ఆ చిత్రమును బీబీసీ ఇరువదేండ్లు తన తెఱపైకి రానీయలేదు, ఆస్కారువారు మాత్రము ఉత్తమ డాక్యుమెంటరీయని పట్టముగట్టిరి! ఊహను ఊహయని తెలిసి చూచువాఁడు మోసపోడు.

మోసము మఱియొక చోట నున్నది. 2024 ఏప్రిలులో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన ‘బేబీ రెయిన్‌డీర్’ మొదటి భాగమున ‘ఇది యథార్థగాథ’ యను వాక్యము స్పష్టముగా కానవచ్చును. చివరి పేర్ల వరుసలో, కొన్ని పాత్రలు, సంఘటనలు నాటకీయత కొఱకు కల్పింపబడినవను మాట ఎక్కడనో నక్కియుండును. ఆ చేత నిచ్చి ఈ చేత లాగికొనుట! కథలో నాయకుని వెంటాడిన స్త్రీకి కారాగారశిక్ష పడినట్లు చూపిరి. నిజజీవితమున నున్నది కోర్టు ఉత్తర్వే కాని శిక్ష కాదని ఆ సంస్థయే తరువాత బ్రిటిష్ పార్లమెంటు సంఘమునకు దిద్దుకొని చెప్పవలసివచ్చినది. ప్రేక్షకులు అంతర్జాలమున గాలించి, ఒక స్త్రీయే ఆమెయని వ్రేలు చూపిరి. ఆమె పరువునష్టపు దావా వేసినది. దావా ఫలితమెట్లున్నను, ఒక మనిషికి పడని శిక్ష పడినట్లు చూపి, దానికి యథార్థమను ముద్ర వేయుట అన్యాయము. ఆ ధారావాహికకు 6 ఎమ్మీ పురస్కారములు వచ్చినవి. రికార్డును నమ్ముకొన్న బేట్స్ నాటకమునకు ఐటీవీ లెక్క ప్రకారము సుమారు 10 లక్షల పౌండ్ల నష్టము మిగిలినది. వర్తకము ఏ ప్రక్కకు మొగ్గునో ఊహింపవచ్చును.

మన దేశమున వాదము మఱింత వింతగా నడచినది. అదే సంవత్సరము ఆగస్టులో, 1999 నాటి విమానపు హైజాకింగును చూపిన ‘ఐసీ 814’ అను ధారావాహికలో ముష్కరులు భోలా, శంకర్ అని పిలుచుకొనిరని కల్లోలము చెలరేగి, ప్రభుత్వము నెట్‌ఫ్లిక్స్ ప్రతినిధిని పిలిపించినది. ఆ మాఱుపేర్లు 2000 జనవరిలో హోం శాఖ తానే ప్రకటించినవి! నిజమైన దానిపై ఇంత రభస చేసినవారు, మూసిన గదులలో మంత్రులును అధికారులును ఏమి మాటలాడికొనిరో రచయితల కెట్లు తెలిసినదని ఒక్క ప్రశ్నయైన వేయలేదు. చివరకు ముష్కరుల అసలు పేర్లు ముందుమాటలో చేర్చిరి. సంభాషణల మాట యథాతథము.

కావున, జరిగిన దానికే ‘యథార్థగాథ’ యను ముద్ర వేయవలెను. కల్పించిన దేదో ప్రతి భాగపు మొదటనే, పేరు పేరునా, చెప్పవలెను: ఈ పాత్ర కల్పితము, ఈ శిక్ష పడలేదు, ఈ సంభాషణ ఊహ అని. ఇప్పుడు తెలుగు మాటలతో వచ్చు కార్యక్రమములలో సైతము ఆ ప్రకటన సామాన్యముగా ఆంగ్లమున, చీమ తలకాయలంత అక్షరములలో, మూడు క్షణములు మెఱసి మాయమగును. చివర వేసినచో అదియు దక్కదు. పేర్లు కదలుట మొదలిడగానే ‘తరువాతి భాగము’ అను మీట తెఱ మూలనుండి దూకి, అంకెలు లెక్కించి, ప్రసారసంస్థల బాధ్యతను మ్రింగివేయును. ఆ ప్రకటన పూర్తియగువఱకు ఆ మీటను రానీయకుండుట ఆ సంస్థల యింజనీర్లకు ఒక పూట పని.