సిగ్నల్‌కూ ఓనర్లుంటారు బాసూ!

కొత్తగూడ నుంచి నర్సంపేటకో, మహబూబాబాద్‌కో బస్సెక్కి వెళ్లి పదివేలు పెట్టి ఒక ఫోన్ కొన్నారనుకుందాం. షాపాయన మార్జిన్ ఎంత, జీఎస్టీ ఎంత, టెంపర్డ్ గ్లాస్ ఫ్రీగా ఇస్తాడా లేదా అని గట్టిగానే బేరమాడతాం. కానీ ఆ పదివేలల్లో బిల్లు మీద ఎక్కడా కనబడని వాటా ఒకటుంది. అది షాపుకు పోదు, సర్కారుకు పోదు. మీరు 'హలో' అనగానే మీ గొంతును కుదించి, ముక్కలు చేసి, గాల్లోంచి టవర్‌కు పంపే పద్ధతి ఉంది చూడండి, దాన్ని కనిపెట్టినోళ్లకు పోతుంది. అంటే సిగ్నల్ రాని ఊర్లో ఉన్నా సరే, సిగ్నల్ తాలూకు అద్దె మాత్రం మనం ఫోన్ కొన్నరోజే కట్టేస్తున్నామన్నమాట.

ఆ అద్దె ఎంతుండాలి, ఎవరికి కట్టాలి అనే దాని మీదే ఫోన్ కంపెనీలు పదిహేనేళ్లుగా కోర్టుల్లో కొట్టుకుంటున్నాయి. పేర్లు స్వీడన్‌వీ, చైనావీ, కొరియావీ కావొచ్చు. చివరికి లెక్క తేలేది మాత్రం మన జేబులోనే. అందుకే ఈ వారం ఆ కథ.

గుండ్రటి మూలల గొడవ

ముందు అందరికీ తెలిసిన ఫైటింగ్. 2011 ఏప్రిల్‌లో యాపిల్ కంపెనీ శాంసంగ్ మీద అమెరికాలో కేసేసింది. మా ఐఫోన్ ఆకారం కాపీ కొట్టారు, గుండ్రటి మూలలు కాపీ కొట్టారు, లిస్టు చివరికొచ్చాక తెర కొంచెం పైకి ఎగిరి వెనక్కొచ్చే ఎఫెక్టు కూడా కాపీ కొట్టారు అని గోల. 2012 ఆగస్టులో జ్యూరీ శాంసంగ్‌కు వంద కోట్ల డాలర్లకు పైగా వడ్డించింది. అక్కడి నుంచి అప్పీళ్లు, మళ్లీ విచారణలు, సుప్రీంకోర్టు దాకా ప్రయాణం. 2018 మేలో ఆ మొత్తం సుమారు 54 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. మరుసటి నెలలోనే ఇద్దరూ రాజీ పడిపోయారు.

తమాషా ఏంటంటే, కోర్టులో ఇంత కొట్టుకుంటున్న రోజుల్లో కూడా ఐఫోన్‌కు కావాల్సిన కొన్ని ముఖ్యమైన భాగాలు శాంసంగే తయారుచేసి ఇచ్చింది. వ్యాపారం వ్యాపారమే, కేసు కేసే!

అయితే ఇది పైకి కనబడే రూపం మీద జరిగిన గొడవ. ఒకరి డిజైన్ వాడకుండా ఇంకో డిజైన్ గీసుకోవచ్చు. అసలు చిక్కంతా లోపల ఉంది.

తూము ఎవరి చేతిలో ఉంది?

మన పాకాల చెరువునే తీసుకోండి. ఆయకట్టు కింద ఎవరు ఏ పంటైనా వేసుకోవచ్చు. నీళ్లు మాత్రం తూములోంచే రావాలి. ఆ తూము ఒక్కరి సొంతమైతే? 'నీకు నీళ్లివ్వను' అంటే నీ పొలం ఎండినట్టే.

ఫోన్లలో కూడా అంతే. 2జీ, 3జీ, 4జీ, 5జీ అనేవి ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాలు. ఏ కంపెనీ ఫోనైనా ఏ టవర్‌తోనైనా మాట్లాడాలంటే ఆ పద్ధతినే పాటించాలి. ఆ పద్ధతిలో వేలకొద్దీ పేటెంట్లున్నాయి. వాటిని తప్పించుకుని ఫోన్ చేయడం కుదరదు. అందుకే ఈ పేటెంట్ల యజమానులకు ఒక షరతు ఉంటుంది: అడిగిన ప్రతి ఒక్కరికీ న్యాయమైన, సమంజసమైన, పక్షపాతం లేని రేటుకు లైసెన్స్ ఇవ్వాలి. చదవడానికి బాగానే ఉంది. కానీ 'సమంజసం' అంటే ఎంత? అమ్మేవాడి సమంజసం వేరు, కొనేవాడి సమంజసం వేరు. కోర్టు మెట్లు మొదలయ్యేది అక్కడే.

ఢిల్లీలో వంద రూపాయల కథ

మన దేశంలో ఈ సినిమాకు హీరో అనాలో విలన్ అనాలో మీ ఇష్టం, పేరు మాత్రం ఎరిక్సన్. స్వీడన్ కంపెనీ. ఒకప్పుడు సోనీతో కలిసి ఫోన్లు చేసేది. 2012 మొదట్లో ఆ వాటా సోనీకి అమ్మేసి, ఫోన్ల తయారీ నుంచి తప్పుకుంది. పేటెంట్లు మాత్రం దగ్గరే పెట్టుకుంది. మాట్లాడేటప్పుడు గొంతును కుదించే ఏఎంఆర్ పద్ధతి, ఎడ్జ్, 3జీ, వీటికి సంబంధించిన పేటెంట్లవి.

2013లో ఢిల్లీ హైకోర్టులో మైక్రోమ్యాక్స్ మీద కేసేసింది. ఆ తర్వాత ఇంటెక్స్, షావోమీ, లావా... వరస పెట్టింది. మైక్రోమ్యాక్స్ కేసులో 2014 నవంబర్‌లో కోర్టు తాత్కాలికంగా ఒక రేటు పెట్టింది. ఫోన్ రకాన్ని బట్టి కంపెనీ అమ్మిన ధరలో 0.8 శాతం నుంచి 1.3 శాతం వరకు కట్టాలని.

షావోమీ కథ ఇంకా వేడిగా నడిచింది. 2014 జూలైలో మన మార్కెట్లోకి వచ్చింది. ఫ్లాష్ సేల్ అంటూ కుర్రాళ్లంతా మధ్యాహ్నం పూట కంప్యూటర్ల ముందు కూర్చుని క్లిక్ కొట్టిన రోజులవి. ఐదు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 8న ఢిల్లీ హైకోర్టు అమ్మకాలు ఆపేయమంది. వారం తర్వాత డివిజన్ బెంచ్ కొంచెం వెసులుబాటు ఇచ్చింది: క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లు అమ్ముకోండి, ప్రతి ఫోన్‌కు వంద రూపాయలు కోర్టులో డిపాజిట్ చేయండి అని. ఆరువేలకు దొరికిన రెడ్‌మీ 1ఎస్‌కు ప్రాణం లేచొచ్చింది. మీడియాటెక్ చిప్ ఉన్న రెడ్‌మీ నోట్ ఆగిపోయింది. అప్పట్లో చాలామందికి ఎందుకు స్టాక్ లేదో కూడా అర్థం కాలేదు. స్టాక్ గోడౌన్‌లోనే ఉంది, ఆగింది కోర్టు ఆర్డర్ దగ్గర!

లావా కేసు తొమ్మిదేళ్లు నడిచి 2024 మార్చి 28న తేలింది. ఎనిమిది పేటెంట్లలో ఒకటి చెల్లదన్నారు, మిగతా ఏడు చెల్లుతాయన్నారు. 'ఇవన్నీ ఉత్త లెక్కల సూత్రాలు, మన చట్టం ప్రకారం లెక్కలకు పేటెంట్ ఉండదు కదా' అని లావా వాదించింది. ఆ లెక్క ఒక యంత్రంలో పడి నిజంగా సాంకేతిక ఫలితం ఇస్తే పేటెంట్ ఉంటుందని కోర్టు చెప్పింది. లావా కట్టాల్సిన నష్టపరిహారం సుమారు 244 కోట్ల రూపాయలు.

సర్టిఫికెట్ ఉంటే చాలదు

పేటెంట్ కాగితం చేతికొచ్చిందంటే ఇక తిరుగులేదని అనుకోకండి. మదురై వాసి ఒకరు ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లు పనిచేసే పద్ధతికి 2002లో దరఖాస్తు పెట్టి 2008లో పేటెంట్ సంపాదించారు. దాంతో కస్టమ్స్ వాళ్ల దగ్గరకు వెళ్లి, బయటి నుంచి వచ్చే డ్యూయల్ సిమ్ ఫోన్లను ఆపించారు. పెద్ద పెద్ద కంపెనీలు పరుగులు పెట్టాయి. ఒక్క మనిషి అన్ని కంపెనీలను నిలబెట్టాడా అని దేశమంతా ఆశ్చర్యపోయింది. అయితే 2012లో మేధో హక్కుల అప్పీళ్ల బోర్డు ఆ పేటెంట్‌ను రద్దు చేసింది. కొత్తదనం నిరూపణ కావాలి. 'నాకు ముందే తోచింది' అంటే సరిపోదు, 'నాకంటే ముందు ఎవరికీ తోచలేదు' అని తేలాలి.

చిప్ ధర మీదా, ఫోన్ ధర మీదా?

ఇప్పుడు అసలు పాయింట్. రాయల్టీ ఒక శాతం అనుకుందాం. పదివేల ఫోన్‌కు వంద. అరవై వేల ఫోన్‌కు ఆరొందలు. కానీ రెండిట్లోనూ సిగ్నల్ పట్టే పని ఒకటే కదా? ఖరీదు పెరిగింది కెమెరా వల్ల, తెర వల్ల. సిగ్నల్ పేటెంట్ ఓనర్‌కు కెమెరాలో వాటా ఎందుకు? చిప్ ధర మీద లెక్కేయండి అని ఫోన్ కంపెనీల వాదన. కనెక్షన్ లేకపోతే ఆ కెమెరా ఫొటోను ఇన్‌స్టాలో పెట్టేదెట్లా, మొత్తం ఫోన్ విలువే కనెక్షన్ వల్ల కదా అని పేటెంట్ ఓనర్ల వాదన. ఢిల్లీ హైకోర్టు ఈ కేసుల్లో ఫోన్ ధర వైపే మొగ్గింది.

ఇది ఒక్క ఎరిక్సన్ లెక్క. నోకియా, క్వాల్‌కామ్, ఇంటర్‌డిజిటల్, హువావే... చెయ్యి చాపేవాళ్ల లైన్ పెద్దదే. నోకియా ఒప్పో మీద వేసిన కేసులో 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు విచారణ తేలకముందే డబ్బు డిపాజిట్ చేయమంది. జర్మనీలో అయితే 2022లో ఒప్పో, వన్‌ప్లస్ ఫోన్ల అమ్మకాలే ఆగిపోయాయి. చివరికి 2024 జనవరిలో రాజీ కుదిరింది.

ఇక నా కంప్లయింట్ ఒకటుంది. కష్టపడి కనిపెట్టినోళ్లకు డబ్బు ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఎవరికి ఏ రేటుకు ఇచ్చారో రహస్య ఒప్పందాల వెనక దాచేస్తే, 'పక్షపాతం లేదు' అన్న మాటను ఎవరు తనిఖీ చేయాలి? మైక్రోమ్యాక్స్ ఇదే గోడు కాంపిటీషన్ కమిషన్ దగ్గర చెప్పుకుంది. 2013లో కమిషన్ విచారణకు ఆదేశించింది. కమిషన్‌కు ఆ అధికారం ఉందని 2016లో ఒక జడ్జి అన్నారు. లేదు, పేటెంట్ల చట్టంలోనే చూసుకోవాలని 2023 జూలైలో డివిజన్ బెంచ్ చెప్పింది. మొత్తానికి రేట్లు మాత్రం చీకట్లోనే ఉండిపోయాయి. షాపులో ఎమ్మార్పీ అడిగే హక్కు మనకుంది. ఫోన్ కంపెనీకి ఆ హక్కు లేకపోతే ఆ భారం ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు.

మన సెల్‌కాన్ ఎటుపోయింది?

సెల్‌కాన్ గుర్తుందా? 2009లో హైదరాబాద్‌లో పుట్టిన బ్రాండ్. 2015లో మేడ్చల్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. ఒకప్పుడు మన పల్లెల్లో దాని ఫోన్లు మస్తుగా కనిపించేవి. ఇప్పుడు వెతికినా దొరకడం కష్టం. మైక్రోమ్యాక్స్, ఇంటెక్స్ పరిస్థితీ అంతే. వీటన్నిటినీ పేటెంట్ కేసులే ముంచాయంటే అది అబద్ధం. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి ఒక్కసారిగా అందరినీ 4జీకి మళ్లించింది. చైనా బ్రాండ్లు తక్కువ ధరకు మంచి ఫోన్లు కుమ్మరించాయి. దెబ్బ అక్కడ గట్టిగా తగిలింది.

కానీ ఒక తేడా చూడండి. ఇద్దరు పెద్ద కంపెనీలు కొట్టుకుంటే 'నీ పేటెంట్ నేను వాడతా, నా పేటెంట్ నువ్వు వాడుకో' అని చేతులు కలుపుకుంటాయి. మన బ్రాండ్ల దగ్గర మార్చుకోవడానికి చేతిలో పెద్దగా ఏమీ లేదు. డబ్బే కట్టాలి.

2015 ఆగస్టులో షావోమీ, ఫాక్స్‌కాన్ కలిసి ఆంధ్రాలోని శ్రీసిటీలో ఫోన్ల తయారీ మొదలుపెట్టాయి. వేలమంది అమ్మాయిలు అక్కడ పనిచేసి ఇల్లు నడిపారు. అది చిన్న విషయం కాదు. అయితే ఫోన్ బిగించినందుకు జీతం వస్తుంది, ఫోన్‌లో ఆలోచన ఉన్నందుకు రాయల్టీ వస్తుంది. జీతం పని ఆగితే ఆగిపోతుంది. రాయల్టీ ఇరవై ఏళ్లు వస్తుంది.

కంది నుంచి ఒక తరంగం

మరి మనోళ్లకు అంత ఆలోచన లేదా? ఉంది! సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది కదా. అక్కడి ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం 5జీ ప్రమాణంలోకి వెళ్లిన ఒక తరంగ పద్ధతి మీద పనిచేసింది. సింపుల్‌గా చెబుతా. టవర్ గొంతు పెద్దది, దాని మాట మన ఫోన్‌కు వినబడుతుంది. మన ఫోన్ గొంతు చిన్నది, దాని మాట టవర్‌కు చేరదు. రెండు గీతలు కనబడుతున్నా కాల్ కలవకపోవడానికి ఇదొక కారణం. మామూలు తరంగంలో ఎత్తుపల్లాలు ఎక్కువ, కాబట్టి ఫోన్ తన పూర్తి బలం వాడలేదు. ఆ ఎత్తుపల్లాలను తగ్గిస్తే అదే ఫోన్ ఇంకొంచెం దూరం అరవగలదు.

ఇంకో సంగతి. 5జీ పల్లెల్లో ఎట్లా పనిచేస్తుందో పరీక్షించే అంతర్జాతీయ లెక్కల్లో టవర్ల మధ్య దూరం సుమారు 1.7 కిలోమీటర్లే ఉండేది. మా పల్లెలు అట్లా ఉండవు సార్ అని మన దేశం పట్టుబట్టి, 6 కిలోమీటర్ల దూరం ఉండే పరీక్షను 2017లో చేర్పించింది. దాని మీద తయారైన మన సొంత '5జీఐ'ని 2020 నవంబర్‌లో అంతర్జాతీయ టెలికాం సంస్థ 5జీ టెక్నాలజీల్లో ఒకటిగా గుర్తించింది. వేరే ప్రమాణమైతే ఫోన్ల ఖర్చు పెరుగుతుందని టెలికాం కంపెనీలు ఒప్పుకోలేదు. చివరికి దాన్ని ప్రపంచ 5జీ ప్రమాణంలోనే కలిపేశారు.

కొత్తగూడ, గంగారం అడవి ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్టెక్కేవాడి కష్టం స్టాక్‌హోమ్‌లో కూర్చున్నవాడికి తోచదు. మనకే తోచాలి. మన ఇబ్బందే మన పేటెంట్.

మీ చేతిలో ఐడియా ఉంటే

తెలుగు రాష్ట్రాలకు పేటెంట్ ఆఫీస్ చెన్నైలో ఉంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. మామూలు వ్యక్తికి దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరీక్షించమని అడగడానికి ఇంకో 4,000. డ్రాఫ్ట్ రాసేవాళ్లకు ఇచ్చేది వేరే. సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాసి దీన్నే వృత్తిగానూ చేసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం గుర్తుపెట్టుకోండి. దరఖాస్తు పెట్టకముందే మీ ఐడియాను రీల్ చేసి వదలొద్దు. లోకానికి చూపించేశాక అది 'కొత్తది' కాకుండా పోతుంది. లైకులు వస్తాయి, పేటెంట్ పోతుంది. ముందు దరఖాస్తు నంబర్, తర్వాతే రీల్!