పాత నక్షాతో పొడుగు నావ

ఏర్గట్ల మండలమున గోదావరి యొడ్డున సేద్యము చేయు సభ్యులలో కొందరు మమ్ము ఒక సంగతి అడుగుచున్నారు. తమ యొద్ద 20 అడుగుల చిన్న కఱ్ఱనావకు పాత నక్షా యున్నదనియు, దానినే కొంత పొడిగించి చేయించినచో మేతమోపులు, ఎరువు బస్తాలు, కూలివారు ఒక్క తడవలోనే ఏరు దాటుదురు గదాయనియు వారి తలంపు. ఈ తలంపు తప్పుకాదు. నావ పొడిగింపవచ్చుననియే మా అభిప్రాయము. అయితే కొలత తప్పక పొడిగింపవలెను. పొడిగించితిమి గదాయని బరువు మాత్రము ఇచ్చవచ్చినట్లు పెంచరాదు. ఈ రెండవ మాటయే ముఖ్యమైనది.

మొదట ఆ నక్షా ఏ నీటికై గీయబడినదో విచారింపవలెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టా కాలువలలో పడవల రాకపోకలు మెండయ్యెను. ఆ కాలువల నీరు నెమ్మదిగా పారును. పడవ పొడవు వెడల్పులు లాకుల కొలతకు లోబడియుండవలెను. కావున సన్నని పొడుగు పడవలు అచ్చట చక్కగా నడచెను. మన గోదావరి అట్టిది కాదు. ఎగువ గోదావరిలో పడవలు నడపవలెనని దుమ్ముగూడెము మొదలగు చోట్ల సాగించిన పనులే 1871లో నిలిచిపోయినవి. పోచంపాడు దిగువనున్న తడపాకల్ మొదలగు గ్రామములవారికి నది స్వభావము మేము చెప్పనక్కరలేదు. వేసవిలో ఇసుకమేటలు, వానకాలమున ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడు ఉరవడి. మేటల నడుమ త్వరగా మలుపుటకు పొట్టి నావ మేలు. పొడుగు నావ తిన్నగా పోవునే గాని తొందరగా తిరుగదు. ఈ లోపమును తెలిసియే పొడిగింపునకు పూనుకొనవలెను.

ఇక పొడిగించు విధము. కొందరు వడ్రంగులు నావను నడుమ కోసినట్లు భావించి, అచ్చట రెండడుగుల తిన్నని ముక్కను చేర్చెదరు. పెట్టెవలె తిన్నని ప్రక్కలుగల పంటెకు ఇది చెల్లును. ముందువెనుకలు వంపు తిరిగిన నావకు చెల్లదు. వంపు వచ్చి తిన్నని ముక్కను కలియుచోట పలక విరిచినట్లగును. అచ్చటనే మేకులు వదలును, నీరు ఊరును. సరియైన మార్గము వేరు. నక్షాలో అడ్డచట్రముల నడుమ ఎడము 24 అంగుళములు చొప్పున 10 ఎడములున్నవనుకొందము. ప్రతి ఎడమును 26 అంగుళములు చేయవలెను. చట్రముల వెడల్పు, ఎత్తు మార్పరాదు. అప్పుడు 20 అడుగుల నావ 21 అడుగుల 8 అంగుళములగును. వంపు అంతటను సమానముగా సాగును. పిదప సన్నని బద్దను చట్రములపై వంచి చూడవలెను. అది ఎచ్చటను ఎగయక, పడక, తీగవలె సాగినచో కొలత కుదిరినదని తెలియును. పాత పలకల అచ్చులు మాత్రము ఇక పనికిరావు. నేలపై సుద్దతో నావను నిలువు కొలతకు గీచి, క్రొత్త అచ్చులు తీయవలెను.

ఇట్లు నూటికి 10 వంతులు మించకుండ పొడిగించుట క్షేమము. అంతకు మించి కావలెననువారు క్రొత్త నక్షానే గీయించుకొనుట మంచిది.

లాభమెంతయో ఇప్పుడు లెక్క చూతము. నీటి మట్టమున ఈ 20 అడుగుల నావ 70 చదరపు అడుగుల మేర ఆక్రమించుననుకొందము. ఘనపుటడుగు నీరు 28 కిలోలకు కొంచెము పైగా తూగును. కావున నావ ఒక అంగుళము దిగుటకు సుమారు 165 కిలోల బరువు పట్టును. ఆరంగుళములు దిగువరకు ఎక్కించిన 990 కిలోలు. పొడిగించిన నావ అదే లోతున మోయునది దీనిపై పండ్రెండవ వంతు, అనగా 82 కిలోలు మాత్రమే అధికము. నడుమ బలపరచుటకు వేసిన కఱ్ఱ బరువు అందుండి తీసివేయగా మిగులునది ఒక్క మనిషి బరువు. ఇరువది అంగుళముల పొడుగు పెరిగినదని చూచి నలుగురిని అదనముగా ఎక్కించువాడు, ఆ నలుగురిలో ముగ్గురి బరువును నావ అంచుమీదనే మోపుచున్నాడు. వేగమునందు లాభము ఇంకను స్వల్పము. పొడవు వర్గమూలమును బట్టి వేగము పెరుగును గనుక, నూటికి 4 వంతులకు మించదు.

నష్టము మాత్రము లాభముకంటె త్వరగా పెరుగును. కాలువమీద వేసిన పలక పొడుగైనకొలది నడుమ ఎట్లు వంగునో రైతు ఎరుగును. నావయు నట్టిదే. అడుగుకింత యని ఒకే తీరున బరువు వేసినను, పొడవు నూటికి 10 వంతులు పెరిగినచో నడుమనుండు వంచుబలము 21 వంతులు పెరుగును. కావున ఏరా అనబడు అడుగుమ్రానును, పై అంచు బద్దలను మునుపటికంటె దళసరిగా వేయవలెను. 22 అడుగుల పలక ఒక్క మ్రానున దొరకుట అరుదు. ఆదిలాబాదు అడవుల టేకైనను అతుకక తప్పదు. అతుకు ఏటవాలుగా, పలక మందమునకు ఎనిమిదింతల పొడవున ఉండవలెను. అంగుళము పలకకు 8 అంగుళములు. గోడలో ఇటుకల సందులు ఒకదానిపై నొకటి పడకుండ కట్టునట్లే, ప్రక్కప్రక్క పలకల అతుకులను ఒకేచోట పడనీయరాదు. నావ నడుమ అతుకు అసలు వేయరాదు.

పొడవుకంటె వెడల్పే నావను నిలుపును. ఇది మరువరాని సూత్రము. పొడవును నూటికి 10 వంతులు పెంచిన ప్రక్కకు ఒరగకుండు బలము 10 వంతులే పెరుగును. వెడల్పును అంతే పెంచిన 33 వంతులు పెరుగును. బైబిలులోని నోవహు ఓడ 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, అనగా ఆరింటికి ఒకటి. అది జలప్రళయముపై తేలుటకే గాని మలుపులు తిరుగుటకు కాదు. మనుష్యులు, పశువులు కదలుచుండు రేవునావ పొడవు వెడల్పునకు నాలుగైదింతలు మించకుండుట మంచిది. స్వీడను రాజు కట్టించిన వాసా యను యుద్ధనౌక 1628లో తొలి ప్రయాణముననే రేవు కనుచూపు మేరలో మునిగెను. పైన ఫిరంగుల బరువు అధికము, క్రింద వెడల్పు చాలదు. 1961లో దానిని నీటనుండి పైకెత్తిరి. రాజుగారి ధనముగాని, నిపుణుల పేరుగాని ఆ లెక్కను మార్పలేకపోయెను. మేతమోపులను తలయెత్తున పేర్చి, వాటిపై కూలివారిని కూర్చుండబెట్టు మన వాడుకయు ఆ జాతిదే.

"మా వడ్ల తాత కంటికొలతతోనే నావలు చేసెను, ఈ నక్షాలు, లెక్కలు దేనికి?" అని అడుగువారున్నారు. ఆ కంటికి మేము నమస్కరింతుము. కాని ఆ తాత తాను ఎరిగిన కొలతకే చేసెను. పది నావలు చేసి చూచిన పిదప కన్ను కుదిరెను. ఎరుగని కొలతకు కన్ను సాక్షి కాదు. పైగా సంఘము సొమ్ముతో చేయించు నావకు లెక్క కాగితముపై నుండవలెను. వచ్చు నావ చేయువానికి అదియే పాఠము.

ఖర్చు లేని పరీక్ష యొకటి కలదు. పదింట ఒక వంతు కొలతతో, అనగా 26 అంగుళముల బొమ్మనావను చేయించి చెరువులో వదలవలెను. నావ తన బరువుతో కూడ వేయి కిలోలు తూగవలెనన్న, బొమ్మ మొత్తము ఒక కిలో తూగునట్లు రాళ్లు పేర్చవలెను. ఆ రాళ్లను ఒకసారి అడుగునను, ఒకసారి ఎత్తునను పెట్టి, ప్రక్కకు వంచి చూడవలెను. పిల్లలాటవలె తోచును గాని, అంచు నీట మునుగు క్షణమును కన్నులార చూచినవాడు జన్మలో అధిక బరువు ఎక్కింపడు.

కడపట మా ప్రార్థన యిది. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అను పార్లమెంటు సభ్యుని పట్టుదలవలన 1876లో ఇంగ్లండున ఓడలకు బరువుగీత నియమము ఏర్పడెను. మన నావకు చట్టము వచ్చువరకు వేచియుండనేల? నావ చేయించు ప్రతి సంఘమును, చేయించిన దినముననే రెండు ప్రక్కలను ఎఱ్ఱరంగుతో గీత వేయించి, ఆ గీత మునిగిన నావ రేవు విడువరాదని తీర్మానము వ్రాసికొనవలెను. 2027 పుష్కరములకు తడపాకల్ రేవున జనము కిక్కిరియునప్పుడు, ఒక్క రూపాయికై ఒక్కరిని అధికముగా ఎక్కించుకొమ్మని ఆశ పుట్టును. ఆనాడు నావవాని నోటిమాట నిలువదు, గీత నిలుచును. పొడుగు నావను కోరు సభ్యులు ముందు ఈ గీతకు ఒప్పుకొందురు గాక. పిమ్మట నక్షా దిద్దుటకు మా చేతనైన సాయము చేయుదుము.