పేరు కన్న పట్టు మిన్న

'ఆడలేక మద్దెల ఓడన్నట్లు' అనే సామెతను మనం సోమరులను వెక్కిరించడానికే వాడుతూ వచ్చాము. సామెత చెడ్డదేమీ కాదు. కాని ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడై ఉంటుంది. మరొకప్పుడు మద్దెలా మంచిదే, ఆడే మనిషీ మంచివాడే. ఒకరికొకరు పొసగరు, అంతే. ఈ మూడవ సంగతిని చెప్పడానికి మనకు సామెత లేదు. ఆ లోటు వల్ల విద్యుత్ గిటారు నేర్వబోయే పిల్లలకు ఎంత అన్యాయం జరుగుతున్నదో చెప్పాలనే నా ప్రయత్నం.

తెలుగు పండితుడికి ఎలక్ట్రిక్ గిటారుతో ఏమి పని అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. బాల్యంలో మా మేనత్తగారి దగ్గర నాలుగేళ్లు వీణ నేర్చుకున్నాను. తరువాత భాషాప్రవీణ, ఉద్యోగం, బదిలీలు, సంసారం. పదవీ విరమణ నాటికి వీణను ముందు పెట్టుకుని కూర్చునే చోటు మా అపార్టుమెంటులో లేదు. విద్యుత్ గిటారు గోడకు తగిలించుకోవచ్చు. యాంప్లిఫయరు పెట్టకుండా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే అర్ధరాత్రి వాయించినా పక్కవాటావారికి వినపడదు. తీగలు సన్నన కనుక పక్కకు లాగితే గమకం పలుకుతుంది. ఇంతకన్న కారణాలు ఏమి కావాలి?

ఇక అసలు విషయం. మన తర్కశాస్త్రంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని ప్రమాణాలు నాలుగు. గిటారు తలభాగం మీద వ్రాసి ఉండే కంపెనీ పేరు శబ్దప్రమాణం. ఎవరో ఆప్తులు 'అది గొప్పది' అన్నారు, మనం నమ్మాము. గిటారు మెడ అరచేతిలో ఒదిగినప్పుడు కలిగే జ్ఞానం ప్రత్యక్షప్రమాణం. కళ్లెదుట నిప్పు కనబడుతుంటే పొగను చూసి ఊహించవలసిన పని లేదు. అరచేయి ఉండగా అక్షరాలను చూసి గిటారు కొనడమూ అటువంటిదే. ముందు మెడ, ఆపైన పేరు. నా అభిప్రాయం ఇంతే. మిగిలినదంతా దీనికి వ్యాఖ్యానం.

పేర్ల సంగతి మొదట చూద్దాం. ఈ రంగంలో రెండు మహావంశాలున్నాయి. ఒకటి ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు బాగుచేసుకునే లియో ఫెండర్ దాని మూలపురుషుడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. అయినా 1950 ప్రాంతంలో టెలికాస్టర్‌ను, 1954లో స్ట్రాటోకాస్టర్‌ను లోకానికి ఇచ్చాడు. రెండవది గిబ్సన్. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో 1902లో ఏర్పడిన సంస్థ. 1952లో లెస్ పాల్ అనే వాద్యకారుని పేరిట దాని సుప్రసిద్ధమైన గిటారు వెలువడింది.

పేరు శాశ్వతం, వస్తువు శాశ్వతం అనుకునేవారు ఈ వంశచరిత్రలను కొంచెం ముందుకు చదవాలి. 1965లో లియో ఫెండర్ తన సంస్థను సీబీఎస్ అనే పెద్ద కంపెనీకి అమ్మివేశాడు. ఇరవై ఏళ్ల తరువాత, 1985లో, అందులో పనిచేసేవారే కొందరు కలిసి దానిని తిరిగి కొనుక్కున్నారు. గిబ్సన్‌వారు 1984లో కలమజూ కర్మాగారాన్ని మూసివేసి, పనినంతా నాష్‌విల్‌కు తరలించారు. ఊరు విడిచి వెళ్లడానికి ఇష్టపడని పాత పనివారు కొందరు ఆ పాత భవనంలోనే హెరిటేజ్ అనే మరొక పేరుతో గిటార్లు చేయసాగారు. ఇప్పుడు చెప్పండి, అసలు గిబ్సన్ ఎక్కడున్నట్లు? పేరు వెళ్లిన చోటనా, చేతులు మిగిలిన చోటనా? పేరు మాత్రం తలభాగం మీద చెక్కుచెదరకుండా మెరుస్తూనే ఉంటుంది.

మెడ సంగతి అలా కాదు. అది మోసం చేయదు. మన వీణలో దండి అన్నది గిటారులో మెడ. దాని స్వభావాన్ని నిర్ణయించేవి ముఖ్యంగా మూడు కొలతలు.

మొదటిది తీగ పొడవు. ఫెండర్లలో సాధారణంగా 25.5 అంగుళాలు, గిబ్సన్లలో 24.75 అంగుళాలు. ముప్పావు అంగుళమే కదా అని తీసివేయకండి. ఒకే తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు, పొట్టి మెడ మీద బిగువు నూటికి ఆరు పాళ్లు తగ్గుతుంది. మెట్ల నడుమ ఎడమూ తగ్గుతుంది. అరవై దాటిన వేళ్లకు, పన్నెండేళ్ల వేళ్లకు ఆ ఆరు పాళ్లే ఆరు ఆమడలు.

రెండవది మెట్ల పలక వంపు. గిటారు పలక బల్లపరుపుగా ఉండదు, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బును ఒక వృత్తంలో ముక్కగా ఊహించి, దాని వ్యాసార్ధాన్ని అంగుళాలలో చెబుతారు. పాతకాలపు ఫెండర్లలో 7.25, నేటి ఫెండర్లలో చాలావాటికి 9.5, గిబ్సన్లలో 12. అంకె చిన్నదైన కొద్దీ ఉబ్బు ఎక్కువ. ఉబ్బు ఎక్కువైతే పాశ్చాత్యుల పద్ధతిలో ఒకేసారి నాలుగైదు తీగలను అదిమి పట్టుకోవడం సుఖం. కాని పై మెట్ల మీద తీగను బాగా పక్కకు లాగితే అది ఉబ్బు మీదుగా పాకి, ఎదురు మెట్టుకు తగిలి గొంతు నొక్కినట్లు ఆగిపోతుంది. తోడి రాగంలో గాంధారం పలికించబోయే మనవాడికి ఇది ప్రాణసంకటం. మనకు చదునైన పలకే మేలు.

మూడవది మెడ వెనుకభాగపు లావు, ఆకారం. దీనిని సీ, డీ, యూ, వీ అనే ఇంగ్లీషు అక్షరాలతో చెబుతారు. మెడను అడ్డంగా కోస్తే ఏ అక్షరంలా కనబడుతుందో ఆ అక్షరమన్నమాట. ఇక్కడొక శ్లేష ఉన్నది. ఒకానొక కాలంలో ఫెండర్‌వారు మెడల అడుగున ఏ, బీ, సీ, డీ అని ముద్రలు వేసేవారు. అవి ఆకారాన్ని కాదు, వెడల్పును చెప్పే గుర్తులు. పైగా ఒక కంపెనీ 'సీ' మరొక కంపెనీ 'సీ'తో సరిపోదు. కనుక అక్షరాన్ని నమ్మి కొనడం కూడా శబ్దప్రమాణమే అవుతుంది. పట్టుకుని చూడక తప్పదు.

సన్నని మెడే సుఖమని దుకాణాలలో అందరికీ ఒకే మంత్రం ఉపదేశిస్తారు. జపానువారి ఐబనేజ్ గిటార్లలో విజార్డ్ అనే మెడ మొదటి మెట్టు దగ్గర 19 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. వేగంగా వాయించే కుర్రవాళ్లకు అది వరప్రసాదం. నా చేతికి మాత్రం అది శిక్ష. వీణ దండికి అలవాటుపడిన అరచేయి కనుక సన్నని మెడ పట్టుకున్నప్పుడు పిడికిలి బిగుసుకుని, పావుగంటకే బొటనవేలి మొదలు నొప్పి పుట్టేది. లావుపాటి గుండ్రని మెడ అరచేతిని నింపుతుంది. నిండిన అరచేయి బిగుసుకోవలసిన అవసరం లేదు. ఒకరి సుఖం మరొకరి శిక్ష కావడంలో వింత లేదు. తిక్కనకు కందం, శ్రీనాథునికి సీసం, వేమనకు ఆటవెలది అని మన పెద్దలు చెప్పుకున్నారు. కందం కన్న సీసం గొప్పదని కాదు గదా! ఎవరి ఊపిరికి ఏ నడక ఒదిగితే వారు దానిలో సిద్ధులయ్యారు.

'గొప్పవాడు ఏ వాద్యం మీదనైనా వాయిస్తాడు' అని ఒక వాదమున్నది. వాయిస్తాడు, నిజమే. కాని ఆ గొప్పవాళ్లు తమకు దొరికిన దానితో సరిపెట్టుకున్నారా? ఎరిక్ క్లాప్టన్ మూడు పాత స్ట్రాటోకాస్టర్లను విప్పి, వాటి భాగాలు కలిపి ఒక్కటి చేయించుకుని, దానితోనే ఏళ్ల తరబడి వాయించాడు. బ్రయన్ మే 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేసుకోవడం మొదలుపెట్టాడు. దాని మెడ ఒక పాత చలిమంట గూటి మీది కొయ్య. లావుగా ఉంటుంది, ఆయన చేతికి అదే కావలసివచ్చింది. జాన్ మెక్లాఫ్లిన్ శక్తి బృందం కోసం తన గిటారు మెట్ల నడుమ చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు. వేలికి చెక్క తగలకుండా తీగ మాత్రమే దొరికితే గమకం స్వేచ్ఛగా పలుకుతుంది. మన వీణలో మైనం మీద ఎత్తుగా నిలిచిన మెట్లు చేసే పని అదే.

అంత దూరం కూడా పోనక్కరలేదు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ను తలచుకోండి. మామూలు మాండలిన్‌కు జంటజంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలను కలిపి లాగి గమకం తేవడం కష్టం. ఆయన ఒంటి తీగలు అయిదింటితో విద్యుత్ మాండలిన్ వాడుకున్నాడు. 2014లో ఆయన వెళ్లిపోయే నాటికి ఆ రూపమే కర్ణాటక సంగీతంలో మాండలిన్‌కు ప్రమాణమైంది. వాద్యం మీద నెపం వేయడం వేరు, వాద్యాన్ని చేతికి తెచ్చుకోవడం వేరు. మొదటిది సోమరితనం. రెండవది సాధనలో భాగం.

ఈ మాట నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం నా వృత్తి. మూడు దశాబ్దాలకు పైగా బడిపిల్లల చేతులను చూశాను. ఎడమచేతివాటం పిల్లవాడి చేతిలోంచి బలపం లాగి కుడిచేతిలో పెట్టే పెద్దలను ఎందరినో చూశాను. వాడి అక్షరాలు వంకరపోతే 'బుద్ధి లేదు' అనేవారు. బుద్ధి ఉన్నది, బలపమే వేరే చేతిలో ఉన్నది. జిమీ హెండ్రిక్స్ కుడిచేతివారి కోసం చేసిన స్ట్రాటోకాస్టర్‌ను తిరగేసి, తీగలు మార్చి బిగించుకుని ఎడమచేతితో వాయించాడు. ఆయన మా బడులలో చదివి ఉంటే ఏమయ్యేవాడో ఆలోచించడానికే భయం వేస్తుంది. ఇవాళ తల్లిదండ్రులు అప్పు చేసి అయినా పెద్ద పేరున్న గిటారు కొని తెస్తారు. పిల్ల చేయి ఆ మెడ చుట్టూ తిరగదు. ఆరు నెలలకు మూలన పెడుతుంది. 'ఇంత ఖరీదైనది కొనిచ్చినా నేర్చుకోలేదు' అన్న నింద ఆ పిల్ల జీవితాంతం మోస్తుంది. సంగీతం తనకు రాదని నమ్ముతుంది. పోయింది డబ్బు మాత్రమే కాదు.

పేరుకు విలువే లేదని నేననను. పేరున్న సంస్థ వస్తువులో కొలత తప్పదు, మరమ్మతుకు మనిషి దొరుకుతాడు, మళ్లీ అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయి. అయితే ఇవన్నీ మెడ కుదిరిన తరువాత చూడవలసిన లెక్కలు. కుదిరిన మెడలు రెండు ఉన్నప్పుడు ఏది కొనాలో పేరు చెప్పవచ్చు. కుదరని మెడను పేరు కుదర్చలేదు.

నా మటుకు నేను ఎపిఫోన్ లెస్ పాల్ దగ్గర ఆగాను. 1950ల నాటి పద్ధతిలో గుండ్రని మెడ, పొట్టి తీగ, 12 అంగుళాల వంపు. పైన చెప్పిన మూడు కొలతలూ నా చేతికి సరిపడినవి. బరువు ఎక్కువే, కాని నేను బాసింపట్టు వేసుకుని ఒడిలో పెట్టుకుంటాను కనుక భుజానికి బాధ లేదు. ఎపిఫోన్ న్యూయార్కులోని ఒక గ్రీకు కుటుంబం పెంచిన సంస్థ. 1957లో గిబ్సన్‌వారు దానిని కొన్నారు. ఇప్పుడు చైనాలో తయారై గిబ్సన్ ధరలో చిన్న భాగానికి దొరుకుతుంది. 'అది అసలుది కాదు కదండీ, మాస్టారూ' అన్నవారున్నారు. మొయిలుపై నడిచేవారికి అసలు, నకిలీ అన్న విచారం ఉండవచ్చు. పింఛనుతో నడిచేవాడికి చేతిలో పలికినదే అసలు.

చివరిగా ఒక్క మాట. ఎంపిక ముఖ్యమని ఇంతసేపు చెప్పాను. ఎంపికను ముగించడం అంతకన్న ముఖ్యం. ఏడాదికొక గిటారు మార్చేవాడి చేయి ఏ మెడకూ అలవాటుపడదు. కొనబోయే ముందు కనీసం అయిదింటిని, ఒక్కొక్కదానిని పావుగంట, తలభాగం చూడకుండా వాయించి చూడండి. పిల్లల కోసమైతే పిల్లల చేతిలోనే పెట్టండి, మీ చేతిలో కాదు. నొప్పి పుట్టనిది, మళ్లీ తీసుకోవాలనిపించినది ఏదో అది కొనండి. ఆ తరువాత దుకాణం వైపు చూడకండి. నా చేయి ఎపిఫోన్ అన్నది. మీ చేయి మరొకటి అంటే, మీకు అదే ప్రమాణం.