ఎక్స్-రే పరీక్ష: భయమును వలదు, మోజును వలదు

ఎక్స్-రే తీయించుకొని రమ్మని వైద్యుడు చెప్పినతోడనే మన యిండ్లలో రెండు విధములగు మనస్సులు కానవచ్చుచున్నవి. కొందఱు ఆ కిరణములు దేహమును కాల్చునేమో యని జంకి, బిడ్డ చేయి విఱిగినను పరీక్ష లేకయే కట్టు కట్టింతురు. మఱికొందఱు జలుబు చేసినను ఆ పటము తీయనిదే వైద్యము కాదని పట్టుపట్టుదురు. ఈ రెండును తెలియమి వలన గలిగినవే యని మా యభిప్రాయము.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీ దేశమందలి వుర్జ్‌బర్గ్ నగరములో రాంట్‌జెన్ పండితుడు ఈ కిరణములను గనిపెట్టెను. బీజగణితములో తెలియని రాశిని ఎక్స్ అనునట్లే వీనికిని ఆ పేరిడెను. ఆ డిసెంబరులో తన భార్య చేతిని పటము తీయగా, ఎముకలును ఉంగరమును స్పష్టముగా గానవచ్చెను. 1901లో భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆయనకే లభించెను.

యంత్రమందలి గాలిలేని గొట్టములో, వేడెక్కిన తీగనుండి వెలువడు ఎలక్ట్రానులు వేలకొలది వోల్టుల శక్తిచే అతివేగముగ బోయి టంగ్‌స్టన్ లోహమును దాకును. ఆ శక్తిలో నూటికి ఒక పాలు మాత్రమే ఎక్స్ కిరణములగును. తక్కినది వేడిమి యగును. కాల్షియము గల ఎముకలు ఈ కిరణములను ఎక్కువగ నడ్డగించును గనుక పటమున తెల్లగను, గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగను గానబడును. పటమన నొక నీడయే గాని వేఱు కాదు.

పరీక్షకు బోవువారు గొలుసులు మొదలగు లోహపు వస్తువులను తీసివేయవలెను. ఱొమ్ము పరీక్ష యైనచో పలకకు ఆనుకొని నిలిచి, గాలి పీల్చి, కదలక బిగబట్టవలెను. పని క్షణములో ముగియును. నొప్పి లేదు, వేడి తగులదు. విఱిగిన చోటును రెండు ప్రక్కలనుండి తీయుట వాడుక. పరీక్ష ముగిసిన పిమ్మట దేహములో కిరణములేవియు నిలువవు. తల్లి వెంటనే బిడ్డ నెత్తుకొనవచ్చును. యంత్రము నడుపువాడు తెరవెనుకకు బోవుట చూచి బెదరనక్కఱలేదు. మనకది యొక్కమాఱు, అతనికి దినమునకు పెక్కుమాఱులు.

అయినను ఇది ఆటవస్తువు గాదు. తొలి దినములలో కాపుదల లేక ఈ కిరణములతో పనిచేసిన ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ చేతులు గోల్పోయి 1904లో మరణించెను. నేడు ఱొమ్ము పటమునకు వలయు కిరణములు, నేలనుండియు నాకాశమునుండియు మనకు సహజముగా సుమారు పది దినములలో సోకునంత మాత్రమే. అవసరమైనచో ఇంతకు వెఱవ నేల? అవసరము లేనిచో ఇంతైనను ఏల? గర్భవతులు మాత్రము ముందుగానే ఆ సంగతి తెలుపవలెను.

కావున తలిదండ్రులకు మా మనవి యేమన, “ఈ పటము వలన ఏమి తెలియును? చికిత్స ఏమి మాఱును?” అని వైద్యుని వినయముగా నడుగుడు. పాత పటములను భద్రపఱచి చూపుడు. మఱల తీయు పని తప్పవచ్చును. చూడక కట్టిన ఎముక వంకరగా అతికినచో ఆ కష్టము బిడ్డదే. విద్యార్థులారా, పాఠశాలలో నేర్చిన ఈ నాలుగు మాటలను ఇంట పెద్దలకు చెప్పుడు. చదువునకు అంతకంటె మంచి వినియోగమేమి గలదు?