బాటసారికి ఎవరు జవాబుదారి?

రాత్రి పది దాటాక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్టాండ్ల వైపు ఒకసారి వెళ్లి చూడండి. చివరి బస్సు వెళ్లిపోయినా కదలనివారు కొందరు కనిపిస్తారు. మూట తలకింద పెట్టుకున్న వృద్ధురాలు, పని దొరకక వెనుదిరిగిన కూలీ, మతిస్థిమితం కోల్పోయిన యువకుడు. వీరు ప్రయాణికులు కారు. ఆ అరుగే వీరి ఇల్లు.

నిరాశ్రయత మన పాలమూరు గడ్డకు కొత్త కాదు. శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల పల్లెలు మునిగాయి. 2009 అక్టోబరు వరదలు అలంపూర్ ప్రాంతంలో ఎందరినో మళ్లీ రోడ్డున పడేశాయి. దేశమంతటా ఆనకట్టలు, భవనాలు కట్టిన పాలమూరు కూలీకి సొంత గూడు కరువైంది.

2011 జనగణన ప్రకారం దేశంలో నిరాశ్రయులు 17 లక్షలకు పైమాటే. సుప్రీంకోర్టు ఆదేశాల అనంతరం 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద ఆశ్రయ గృహాల పథకం వచ్చింది. లక్ష పట్టణ జనాభాకు కనీసం వందమందికి వసతి అన్నది దాని కొలమానం. 2011 నాటికి మన మూడు పట్టణాల్లో ఏ ఒక్కటీ లక్షకు చేరలేదు. నగరాలను దృష్టిలో పెట్టుకున్న కొలత చిన్న పట్టణాలకు సులువుగా అందదు. పైగా పథకం వేరు, హక్కు వేరు.

అసలు చిక్కు మరొకటుంది. వసతి మునిసిపాలిటీది, వైద్యం ఆసుపత్రిది, రేషన్ పౌర సరఫరాల శాఖది, పసివాడైతే బాలల సంక్షేమ సమితిది. మనిషి ఒక్కడే, కార్యాలయాలు అనేకం. ఆ మనిషికి మొత్తంగా జవాబుదారి ఎవరూ లేరు.

1977వ సంవత్సరాన్ని గుర్తుచేసుకుందాం. ఆ ఏడాది బ్రిటన్, నిరాశ్రయ కుటుంబాలకు, వృద్ధులకు వసతి చూపే బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచుతూ చట్టం చేసింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ భిక్షాటన నిరోధక చట్టం చేసింది. ఒకచోట చట్టం అధికారిని బాధ్యుణ్ణి చేసింది. మరొకచోట పేదవాణ్ణి నేరస్థుణ్ణి చేసింది.

మార్గం లేదా? ఉంది. చిరునామా లేని వ్యక్తి ఓటు కోరితే, అతడు నిజంగా అక్కడే నిద్రిస్తున్నాడో లేదో బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లి చూడాలన్నది ఎన్నికల సంఘం నియమం. ఓటు కోసం వెతకగలిగిన ప్రభుత్వం, వసతి కోసం వెతకలేదా? శాఖలన్నిటినీ కలిపి, జిల్లాకు ఒక్క అధికారిని బాధ్యుణ్ణి చేసి, 'ఇతడు మా ఊరివాడు కాదు' అన్న సాకును తొలగించే చట్టం మన రాష్ట్రానికి అవసరం.

దైవప్రవక్త (స) మస్జిదులోనే ఒక నీడపట్టున ఇల్లూ వాకిలీ లేనివారికి చోటు కల్పించారు. వారే సుఫ్ఫా సహచరులు. హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. సహాబాలు వారిని భోజనానికి తమ ఇళ్లకు వెంటబెట్టుకుపోయేవారు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారికీ చోటుంది.

అయితే మన దానం ప్రభుత్వాన్ని బాధ్యత నుండి తప్పించరాదు. ప్రభుత్వపు బాధ్యత మనల్ని దానం నుండి తప్పించరాదు. మస్జిద్ కమిటీలు, యువకులు, ఇతర మతస్థులైన పొరుగువారితో కలిసి ఒక్క రాత్రి తమ పట్టణంలో ఆరుబయట నిద్రించేవారిని లెక్కించాలి. వారి అవసరాలు రాసుకుని, ఆ జాబితాను మునిసిపల్ కమిషనర్‌కు, శాసనసభ్యునికి అందించాలి. చలికాలం రాకముందే ఆ పని జరగాలి.